చెరిపేసిన గొంతు

రామచంద్రం పట్నం నుంచి వచ్చి, కరీంనగర్ బస్టాండులో దిగీ దిగగానే సర్దార్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు. సంగీత సభ వాళ్లు కచేరీకి ఒప్పుకున్నారని చెప్పాడు. కిందటి వారం అక్కడ ఆగాం. ఆ సంతోషంలో సర్దార్ ఒక సంగతి పట్టించుకోలేదు. ఎప్పుడు మాట్లాడినా "మన ముగ్గురం" అనే రామచంద్రం ఆ సాయంత్రం ఒక్కసారి కూడా ముగ్గురు అనలేదు.

ఆ ముగ్గురి గురించి మళ్లీ ఒకసారి చెప్పుకోవడం మంచిది.

సర్దార్‌ది టవర్ వెనక సందులో రేడియోలు బాగుచేసే దుకాణం. పెళ్లిళ్లకు, మీటింగులకు మైకుసెట్లు కిరాయికి ఇస్తాడు. రామచంద్రం బడిలో సంగీతం సారు, ఫిడేలు వాయిస్తాడు. యాదవ్వ బీడీలు చుట్టే మనిషి. ఆ వాడలో ఎవరు పోయినా శోకం తీయడానికి యాదవ్వనే పిలుస్తారు. ఆమె రాగం ఎత్తుకుంటే రాయిలాంటి మొగవాళ్లు కూడా గోడ వైపు తిరిగి కండ్లు తుడుచుకుంటారు.

రెండేళ్ల కిందట ఒక చావింట్లో పెద్దదినం నాడు భజన కోసం సర్దార్ మైకు పెట్టాడు. యాదవ్వ ఆ మైకు పక్కనే కూలబడి శోకం అందుకుంది. హారన్‌లోంచి వచ్చిన చప్పుడు మళ్లీ మైకులోకి పోయి, సెట్టు కుయ్యిమని కూత పెట్టింది. అందరూ చెవులు మూసుకున్నారు. సర్దార్ ఆపడానికి పరుగెత్తాడు. యాదవ్వ మాత్రం ఆగలేదు. పక్కన ఇంకో ఆడమనిషి కూర్చుని ఏడుస్తున్నట్టు ఆ కూతను తోడు చేసుకుంది. దాని ఎత్తుకు తన గొంతు ఎత్తింది, కొంచెం కిందికి జారింది, కూత కూడా ఆమె వెంట జారింది. సర్దార్ చెయ్యి చప్పుడు తగ్గించే బిరడా మీదనే ఉండిపోయింది. దినానికి వచ్చి గుమ్మంలో నిలబడిన రామచంద్రం కూడా విన్నాడు. మరునాడు ఫిడేలు పట్టుకుని సర్దార్ దుకాణానికి వచ్చాడు.

అట్లా మొదలైంది. సర్దార్ మైకును హారన్ ముందు అటూ ఇటూ తిప్పుతూ కూతను సాగదీసేవాడు, వంచేవాడు. పాత వాల్వు రేడియోలో స్టేషన్లకు నడుమ వచ్చే ఈలలను పట్టుకొచ్చి కలిపేవాడు. గ్రామఫోను ముల్లు ఉండే తలకాయను రామచంద్రం ఫిడేలుకు అంటించి, విల్లు తగిలీ తగలని రాపిడిని కూడా పెద్దది చేసేవాడు. వాటన్నిటి మధ్యలో యాదవ్వ మాటల్లేని రాగం. ఎవరు ముందు మొదలుపెట్టాలి, ఎవరు ఎప్పుడు ఆపాలి అన్నది ముందుగా అనుకోకూడదు. వాళ్లు పెట్టుకున్న నియమం అదొక్కటే. ఒకరి చప్పుడు విని ఇంకొకరు బదులు పలకాలి. దానికి పేరు లేదు. విన్నవాళ్లలో సగం మంది నవ్వారు, మిగతా సగం మంది లేచిపోయారు.

పోయిన ఎండాకాలం హుజూరాబాద్‌లో మూతబడిన జిన్నింగు మిల్లులో, రేకుల కప్పు కింద, ముగ్గురూ కూర్చుని ఒక పగలంతా వాయించారు. సర్దార్ దాన్ని టేపు మీద పట్టాడు. వాళ్ల బతుకులో అంత బాగా ఎన్నడూ కుదరలేదు. రామచంద్రం పట్నం తీసుకుపోయింది ఆ టేపునే. వినిపించడానికి మిషను కూడా ఉండాలని, దాన్ని బొంతలో చుట్టి బస్సెక్కించింది సర్దారే.

*

రామచంద్రం బస్సు దిగిన మరునాడు పొద్దున సర్దార్ దుకాణం తెరిచి, తిరిగొచ్చిన టేపు మిషను మీది దుమ్ము తుడుస్తున్నాడు. యాదవ్వ, ఆమె పెనిమిటి లచ్చయ్య వచ్చారు. లచ్చయ్య ధాన్యం అమ్మే గంజులో బస్తాలు మోసే హమాలీ. చేతిలో గుడ్డల మూట, భుజం మీద దుప్పటి ఉన్నాయి.

"అన్నా, ఈమె గీడ కూసుంటది జరసేపు. నేను బస్సు కాడికి పోయి జాగ చూసొస్త" అన్నాడు లచ్చయ్య.

"ఏడికి పోతున్నరు?"

"పట్నం" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

యాదవ్వ లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. మెడకు తెల్లగుడ్డ చుట్టుకుంది. కొన్ని నెలలుగా ఆమె గొంతు బొంగురుపోయే ఉంది. సర్ది అంటే సర్ది అనుకున్నారు. తంబాకు దుమ్ము అంటే దుమ్ము అనుకున్నారు.

"ఏం పనక్కా పట్నంల?" అడిగాడు సర్దార్.

"ఉన్నది తియ్యి. ముందుగాల నా పాట ఇనిపియ్యన్నా. పోయేముందు ఒక్కసారి ఇనాలె." ఆమె మాట్లాడితే గొంతులో ఏదో ఒరుసుకున్నట్టు వినిపించింది.

"అరె, గంతేనా! సార్ టేపు పట్టుకొస్తనన్నడు. వస్తనే ఉండొచ్చు."

ఆ పాటను ఆమె అంతకుముందు ఒక్కసారే విన్నది. మిల్లులో ఆ సాయంత్రమే సర్దార్ టేపు వెనక్కి తిప్పి వినిపిస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "గది నేనేనా?" అని నవ్వింది. తరువాత నవ్వు ఆగిపోయి, తలవంచుకుని చివరిదాకా విన్నది.

రామచంద్రం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతిలో ఫిడేలు పెట్టె. మెట్టు మీద కాలు పెట్టబోయి లోపల యాదవ్వను చూసి ఆగిపోయాడు.

"రా సార్, రా. అక్క పట్నం పోతున్నదట. పోయేముందు పాట ఇంటనంటున్నది. టేపేది?"

"టేపా..." రామచంద్రం చంకలోని సంచీని ఇంకొంచెం వెనక్కి జరుపుకున్నాడు. "బస్సుల కుదుపులకు మిషను దెబ్బతిన్నదేమో సర్దార్. ముందు దాన్ని చూసుకో. యాదవ్వ వచ్చినంక తీరుబడిగ ఇందం."

"మిషను మంచిగనే ఉన్నది. ఇప్పుడే చూసిన."

"సారూ" అన్నది యాదవ్వ. "వచ్చినంక కాదు. ఇప్పుడే ఇనాలె."

సర్దార్ చెయ్యి చాపి సంచీ అందుకున్నాడు. రామచంద్రం వదల్లేక వదిలాడు.

ఆ టేపు కట్టిన తీరు గురించి ఇక్కడ చెప్పాలి. సన్నని పట్టీ మీద పక్కపక్కన రెండు దారులుంటాయి. ఒక దారిలో ఫిడేలు, సర్దార్ కూత. రెండో దారి యాదవ్వ గొంతుకే; మొదటి దారిలో పడకుండా ఆమె మైకును సర్దార్ దూరంగా పెట్టాడు. వినేటప్పుడు ఒక దారి ఎడమ పెట్టెలోంచి, రెండోది కుడి పెట్టెలోంచి పలుకుతుంది. కండ్లు మూసుకుంటే యాదవ్వ కుడి గోడ దగ్గర కూర్చుని ఉన్నట్టే ఉంటుంది. అందుకే ఇప్పుడు ఆమె లేచి వెళ్లి కుడి పెట్టె పక్కన, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది.

టేపు తిరిగింది. ఎడమ పెట్టెలోంచి మిల్లు రేకుల కింద గాలి, తరువాత సన్నగా కూత, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన ఫిడేలు. సర్దార్ ముఖం వికసించింది. "ఇగ ఇప్పుడు నువ్వొస్తవు అక్కా" అన్నాడు.

కుడి పెట్టెలోంచి కూడా ఫిడేలే వచ్చింది.

సర్దార్ ముందుకు వంగాడు. వైర్లు తారుమారయ్యాయేమో అనుకుని పీకి అటుది ఇటు మార్చాడు. ఇప్పుడు కూత కుడివైపు నుంచి వచ్చింది, ఎడమ నుంచి అదే కొత్త ఫిడేలు. తీరుగా, చక్కగా, బడిలో పిల్లలకు చెప్పినట్టు వరుసలు తప్పకుండా పోతోంది. ఎడమ పెట్టె, కుడి పెట్టె, ఎక్కడ విన్నా యాదవ్వ లేదు. మిల్లులో కూత ఎవరికోసమో ఆగి, ఎవరో పలికినట్టు మళ్లీ కదిలే చోట్లన్నీ అట్లాగే ఉన్నాయి. ఆ పలికిన మనిషి మాత్రం లేదు. అక్కడ ఆ ఫిడేలు తన దారిన తాను పోతోంది.

"సార్, గీ రెండో ఫిడేలు ఎవరిది?"

రామచంద్రం నేల చూశాడు. "నాదే."

"ఎప్పుడు వాయించినవ్?"

"పట్నంల. సభ సెక్రటరీగారి ఇంట్ల."

"దేని మీద వాయించినవ్?" సర్దార్ గొంతు తగ్గింది. "వేరే టేపు మీద పట్టినవా, దీని మీదనేనా?"

రామచంద్రం చూపు తిరుగుతున్న టేపు మీదికి పోయింది. సర్దార్ మిషను ఆపాడు. ఒక దారిని ముట్టుకోకుండా రెండో దారి మీద కొత్తగా పట్టడం ఎట్లాగో రామచంద్రానికి చూపించింది సర్దారే. పట్నంలో ఎవరైనా మంచి వాద్యగాడు దొరికితే, ఖాళీ టేపు మీద వాళ్ల చప్పుడు కూడా పట్టుకురమ్మని ఎంతో ఓపికగా, ఏ మీట ఎప్పుడు నొక్కాలో నేర్పి పంపాడు.

"చెప్పు సార్. ఎందుకు చేసినవ్?"

"కూసో సర్దార్, చెప్తా. కోపం చెయ్యకు. ఆ సెక్రటరీ పెద్దమనిషి కండ్లు మూసుకుని మొత్తం ఇన్నడు. మన చప్పుడును అట్ల ఇన్నోళ్లు ఎవరున్నరు చెప్పు? ఫిడేలు బాగున్నదన్నడు. కరెంటు కూత వింతగున్నది, జనానికి కొత్త అన్నడు. గని ఈ ఏడుపేందని అడిగిండు. కొత్త హాలు తెరిచే రోజు చావింటి శోకం వినిపిస్తే అశుభం, సభల ఎవరూ ఒప్పుకోరన్నడు. అది తీసేస్తే చోటిస్త, లేకుంటే లేదన్నడు."

"లేకుంటే లేదని లేచి రావాలె."

"నీకేం? అంటవు." రామచంద్రం తల ఎత్తాడు, కండ్లు ఎర్రబడ్డాయి. "నీకు దుకాణమున్నది, పనున్నది. నేను బడిపిల్లలకు సరిగమలు చెప్పుకుంట ముసలోన్నయితున్న. మా సారువాళ్లు నన్ను చూసి ఏమంటరో తెలుసా? ఇనుపరేకు గీకే పంతులంటరు. ఒక్కసారి, ఒక్కసారి గా హాలుల కూసోవాలె అనుకున్న. మనం చేసేది సంగీతమేనని ఒక్కలన్న ఒప్పుకోవాలె అనుకున్న. మొదలు ఇట్ల పోదాం, తర్వాత యాదవ్వను కూడ తీసుకపోదామని..."

"నేనెవరినో అడిగిండా సారూ?"

ఇంతసేపూ పెట్టె మీద చెయ్యి తీయకుండా కూర్చున్న యాదవ్వ అడిగింది.

"అడిగిండు."

"ఏం చెప్పినవ్?"

"బీడీలు చుట్టే ఆమె అని..."

"కులం అడిగిండా?"

రామచంద్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. యాదవ్వకు జవాబు అందింది.

"నా పేరు చెప్పినవా?"

"పేరు..." అతను చొక్కా అంచు పట్టుకుని నలిపాడు. "పేరు అడుగలే యాదవ్వా."

"గాయన అడుగలే. నువ్వు చెప్పలే."

సందులోంచి జట్కా ఒకటి పోయింది.

రామచంద్రం ఒక అడుగు ముందుకు వేశాడు. వేగంగా మాట్లాడసాగాడు. "గని మునిగిపోయింది ఏమున్నది చెప్పున్రి? మనం ఎన్నడన్న ఒకటే పాట రెండుసార్లు పాడినమా? ఇయ్యాల పుట్టింది ఇయ్యాలనే పోవాలె, వానలెక్క కురిసిపోవాలె, దాసిపెట్టుకునేది మన పని కాదు అన్నది నువ్వే కద సర్దార్! యాదవ్వ పట్నం నుంచి రాంగనే మల్ల మిల్లుకు పోదం. అంతకన్న మంచిగ వస్తది. ఇది పోతేమాయె, ఇంకోటి పట్టుదం. మల్ల పాడుదం."

ఆ మాటలు సర్దార్‌వే. నిజంగా నమ్మి అన్నవే.

"మల్ల పాడుదమా?" అన్నది యాదవ్వ.

ఆమె మెడకు చుట్టిన తెల్లగుడ్డ ముడి విప్పింది. కింద, గొంతు పక్కన, నిమ్మకాయంత గడ్డ. చుట్టూ చర్మం బిగుసుకుని మెరుస్తోంది.

"రాచపుండట" అన్నది. "మొన్న పట్నం పోయినప్పుడు దవాఖానల చూసిన్రు. గొంతుల పెట్టె ఉంటదట గద, అది మొత్తం కోసి తీసేస్తరట. మెడకు బొక్క పెడితె దాంట్లకెల్లి ఊపిరి తీసుకోవాలెనట. బతుకుతవు గని మాట రాదు, ఇగ ఎన్నటికి రాదన్నరు. రేపు చేర్సుకుంటరు. గందుకే పోతున్న."

"యా అల్లా" అన్నాడు సర్దార్. స్టూలు మీద కూర్చోబోయి, అది కనబడక, నేల మీదనే కూర్చున్నాడు.

"నాకు మల్ల లేదు సారూ" అన్నది యాదవ్వ.

రామచంద్రం ఆమె మెడ మీది గడ్డనే చూశాడు. "నాకు... నాకు తెల్వదు. అవ్వతోడు తెల్వదు యాదవ్వా. ఒక్కమాట చెప్పకపోతివి..."

"ఎట్ల చెప్తు? చెప్తే మీరు నన్ను పాడనిస్తరా? రోగపుదాన్ని చూసినట్టు చూద్దురు." ఆమె మాట మాటకూ ఆగి ఉమ్మి మింగుతోంది. మింగినప్పుడల్లా కండ్లు మూసుకుంటోంది. "దవాఖానల గొంతు కోపిచ్చుకోనంటె కోపిచ్చుకోనన్న. లచ్చయ్య కాళ్లు పట్టుకున్నంత పని చేసిండు. అయినా ఒప్పుకోలే. ఆఖరికి ఆయనే అన్నడు, నీ గొంతు యాడికి పోతదే, సర్దారన్న డబ్బల భద్రంగ లేదా అని. గప్పుడు ఒప్పుకున్న. బిడ్డ పోశవ్వ నీళ్లాడేదున్నది హుస్నాబాద్‌ల. పుట్టేటోల్లకు అమ్మమ్మ మూగది కాదు, గిట్ల పాడుతుండె అని ఇనిపిద్దామనుకున్న. నేను మాట్లాడకున్న గా డబ్బ మాట్లాడుతది గదా అని ధైర్నం చేసిన."

ఆమె సర్దార్ వైపు తిరిగింది. "అన్నా, తిరిగి తెస్తవా దాన్ని? నీకు ఒస్తది గదా. పాడైన రేడియోలన్ని నువ్వే మాట్లాడిస్తవు."

సర్దార్ లేచాడు. ఒకసారి చెరిగింది టేపు మీద ఉండదని అతనికి తెలుసు. రేడియో విప్పినట్టు విప్పి చూస్తే దొరికే వస్తువు కాదది. అయినా టేపును మొదటికి తిప్పాడు. వైర్లను మళ్లీ మునుపటిలా మార్చి, ఎడమ పెట్టె వైరు పీకేశాడు. కుడి పెట్టె బిరడాను చివరిదాకా తిప్పాడు. ఎక్కడో అడుగున, ఫిడేలు కింద, ఆమె నీడ అయినా మిగిలి ఉందేమోనని పెట్టెకు చెవి ఆనించాడు.

టేపు కదిలింది. బుస్సుమని గాలి చప్పుడు. ఆ తరువాత, ఫిడేలు మొదలు కావడానికి కొంచెం ముందు, ఒక మనిషి నోరు తెరిచి నిండుగా ఊపిరి తీసుకున్న చప్పుడు. వెంటనే ఫిడేలు దాని మీద పడింది.

సర్దార్ ఆపాడు. మళ్లీ వెనక్కి తిప్పి వినిపించాడు. అది యాదవ్వ ఊపిరి. మిల్లులో రాగం అందుకోబోతూ ఆమె తీసుకున్న మొదటి ఊపిరి. రామచంద్రం మీట నొక్కడం ఒక్క క్షణం ఆలస్యం అయినందువల్ల అది బతికింది. దాని వెనక వచ్చిన పాటంతా పోయింది.

"ఇదొక్కటే ఉన్నదక్కా" అన్నాడు సర్దార్. కండ్లలోంచి కారుతున్న నీళ్లు తుడుచుకోలేదు.

యాదవ్వ మూడోసారి పెట్టమన్నది. పెట్టాడు. ఆమె ఆ ఊపిరితోపాటు తానూ ఊపిరి తీసుకోబోయింది. దగ్గు తెరలు తెరలుగా రావడంతో ఆగిపోయింది.

"బంజెయ్యి" అన్నది.

రామచంద్రం ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాదాలు పట్టుకోవడానికి చేతులు చాపాడు. ఆమె కాళ్లు వెనక్కి ముడుచుకుంది. కోపంగా ముడుచుకోలేదు, వాన నీళ్ల నుంచి జరిగినట్టు జరిగింది. అతను ఆ చాపిన చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేలకు ఆనించాడు.

"సభకు పోను" అన్నాడు. "వాళ్లకు రాస్త. ఈ టేపు తగలబెడుత."

"తగలబెడితె నా ఊపిరి కూడ కాలుతది సారూ" అన్నది యాదవ్వ.

సర్దార్ బీరువా తీసి కొత్త టేపు బయటికి తెచ్చాడు. మిషనుకు ఎక్కించాడు. మైకు తెచ్చి యాదవ్వ ముందు నిలబెట్టాడు. "అక్కా, బస్సుకింక జరసేపున్నది. ఎట్లొస్తె అట్ల పాడు. గొంతు బొంగురు పోతే పోనీ. పట్టుకుంట."

ఆమె మైకు వైపు చూసింది. కొంగు సర్దుకుంది. రాగం ఎత్తుకుంది.

ఏమీ రాలేదు. ఎప్పుడూ పైకి లేచే చోట గాలి మాత్రం వచ్చింది. రెండోసారి ఎత్తుకుంటే గొంతు నడుమ తెగింది, చిరిగిన గుడ్డలాగా రెండు పేలికలై రెండు వైపులా పోయింది. సర్దార్ అలవాటుకొద్దీ బిరడా తగ్గించాడు. ఆ చెయ్యి అటు పోవడాన్ని యాదవ్వ చూసింది. సర్దార్ సిగ్గుతో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూల నుంచి సన్నగా ఫిడేలు పలికింది. రామచంద్రం ఎప్పుడు అక్కడికి జరిగాడో, తన పెట్టెలోంచి ఫిడేలు తీసి భుజానికి ఆనించుకున్నాడు. ఆమె తడబడిన చోట కింద ఒక ఆసరా పెడుతున్నట్టు, మెల్లగా, బతిమాలుతున్నట్టు వాయిస్తున్నాడు. మిల్లులో అట్లాగే చేసేవాడు. ఆమె పడబోయినప్పుడల్లా ఫిడేలు కింద పరుచుకునేది.

"సారూ, నువ్వొద్దు" అన్నది యాదవ్వ.

విల్లు ఆగిపోయింది. అతను ఫిడేలును ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తరువాత దాన్ని ముట్టుకోలేదు.

యాదవ్వ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పైకి వెళ్లాలని చూడలేదు. గొంతు ఎక్కడ ఉందో అక్కడే, అడుగున, ఇసుకలో కాళ్లీడ్చినట్టు పాడింది. తెగినచోట ఆగింది. మింగింది. మళ్లీ అందుకుంది. సర్దార్ కూతను అతి సన్నగా తీసుకొచ్చి ఆమెకు ఎదురుగా పెట్టాడు. ఎత్తులో పెడితే ఆమెకు అందదని, కిందికి, ఇంకా కిందికి దించాడు. ఆ కూత ఆమె గరగరలో కలిసిపోయింది. రెండింటిలో ఏది మనిషిదో ఏది మిషనుదో చెప్పడం కష్టమైంది. ఎంత వికారంగా ఉందో అంత నిజంగా ఉంది. చావిండ్లలో ఇన్నేండ్లు ఊరందరి కోసం ఏడ్చిన గొంతు, మొదటిసారి తనకోసం తాను ఏడుస్తోంది. టేపు తిరుగుతోంది.

లచ్చయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"లే లే, బస్సు తయారుగున్నది. డ్రైవరు అరుస్తుండు..."

యాదవ్వ ఆపలేదు. చెయ్యెత్తి ఉండమన్నది. ఆమె పాడుతున్న తీరు విని లచ్చయ్య ముఖం ముడుచుకుపోయింది. పాట దానంతటది అయిపోయేదాకా నిలబడ్డాడు. సర్దార్ మీట నొక్కి మిషను ఆపాడు.

"లెవ్వు మరి" అన్నాడు లచ్చయ్య.

"నేను రాను."

"ఏంది?"

"కోపిచ్చుకోను. గీ గొంతు ఉన్నన్ని దినాలు ఉంటది. పోయిననాడు నాతోని పోతది."

లచ్చయ్య మూట కిందికి జారింది. "పిచ్చి లేసిందా నీకు? డాకుటరు ఏం జెప్పిండు? కోయకపోతె ఎండకాలం దాటదనలేదా? అన్నా, నువ్వన్న చెప్పు!"

"పో అక్కా" అన్నాడు సర్దార్. "నీకు దండం పెడుత. మిషను యాడికి పోదు. పాణం పోతది."

"ఇన్ని తీర్ల బతిమాలితె ఒప్పుకున్నవ్" అన్నాడు లచ్చయ్య. అతని గొంతు ఇప్పుడు ఏడుపులోకి వెళ్తోంది. "నీ పాట డబ్బల ఉన్నది, నేను మూగదాన్నయినా ఫికర్ లేదన్నవ్. నిన్న కూడ అన్నవ్. గింతల ఏమాయె?"

"పాట లేదు" అన్నది యాదవ్వ. "చెరిపేసిన్రు."

లచ్చయ్యకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మిషను చూశాడు. మూలన ఫిడేలు ఒడిలో పెట్టుకుని నేల మీదున్న రామచంద్రాన్ని చూశాడు. తడి ముఖంతో ఉన్న సర్దార్‌ను చూశాడు. బస్తాలు మోసి కాయలు కాసిన అరచేతులు మూసుకున్నాయి.

"ఎవరు?" అన్నాడు. "ఎవరు చెరిపిండ్రు?"

రామచంద్రం నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. మాట బయటికి రాకముందే సర్దార్ లేచి నిలబడి, అతనికీ లచ్చయ్యకూ నడుమకు వచ్చాడు.

"నేనే" అన్నాడు.

యాదవ్వ చప్పున తల తిప్పి సర్దార్ ముఖంలోకి చూసింది. రామచంద్రం తెరిచిన నోరు మూసుకున్నాడు. సర్దార్ అబద్ధాన్ని అతను అట్లాగే ఉండనిచ్చాడు.

బస్టాండు వైపు నుంచి హారన్ మోగింది, మళ్లీ మోగింది. లచ్చయ్య అటు చూడలేదు. భుజం మీది దుప్పటి తీసి మూట మీద పడేశాడు. వెనక్కి తిరిగి దుకాణం తలుపులు రెండూ లోపలి నుంచి దగ్గరికి వేశాడు.